రెండు స్కానర్లలో తీసిన మెదడు కొలతలను కలిపి వాడుకోవడం ఎలా?

"కొందరికి సికింద్రాబాద్‌లోని 1.5 టెస్లా యంత్రంలో, మరికొందరికి గచ్చిబౌలిలోని 3 టెస్లా యంత్రంలో ఎం.ఆర్.ఐ. తీశాం. అందరి హిప్పోకాంపస్ పరిమాణాలనూ ఒకే పట్టికలో పెట్టవచ్చా?" హైదరాబాద్‌లో రేడియాలజీ, న్యూరాలజీ చదువుతున్న డాక్టర్లు, పరిశోధక విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చేది ఇదే. ఫోనులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతున్న సంగతులను ఇక్కడ వరుసగా రాసిపెడుతున్నాను. టెస్లా అంటే యంత్రం అయస్కాంత బలాన్ని చెప్పే ప్రమాణం; హిప్పోకాంపస్ అంటే జ్ఞాపకశక్తికి ముఖ్యమైన మెదడు భాగం.

పెట్టవచ్చు. అయితే అంతకు ముందు, ఆ రెండు యంత్రాలూ ఒకే మనిషి తలను ఎంతెంతగా చూపిస్తున్నాయో మీరే కొలిచి తెలుసుకోవాలి. ఈ పని ఎందుకు తప్పదో రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులలో హిప్పోకాంపస్ ఏడాదికి సుమారు 1.4 శాతం తగ్గుతుంది. అల్జీమర్స్ వ్యాధి ఉన్నవారిలో సుమారు 4.7 శాతం తగ్గుతుంది. అంటే ఈ ఇద్దరి మధ్య మనం వెతుకుతున్న తేడా మూడు నాలుగు శాతానికి మించదు. మెదడు పైభాగాన ఉండే బూడిదపదార్థపు పొర అయిన కార్టెక్స్ మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. పదిహేనుమంది ఆరోగ్యవంతులైన పెద్దవారిని వేర్వేరు యంత్రాలలో స్కాన్ చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తయారీ సంస్థ మారినప్పుడు ఆ మందం కొలత సగటున 0.15 మిల్లీమీటర్లు, అయస్కాంత బలం మారినప్పుడు 0.17 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయింది. యంత్రం వల్ల వచ్చే తేడా కూడా వ్యాధి వల్ల వచ్చే తేడా అంతే ఉంటుందన్నమాట.

దీన్ని నేను అనుభవంతో నేర్చుకున్నాను. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినప్పుడు చేరిన ఒక అధ్యయనంలో రోగులకు ఆసుపత్రిలోని 1.5 టెస్లా యంత్రంలోనూ, అక్కడ ఖాళీ దొరకనందున ఆరోగ్యవంతులకు మరో చోటున్న 3 టెస్లా యంత్రంలోనూ స్కాన్లు తీశారు. ఆరు నెలలు పనిచేశాక రోగుల కార్టెక్స్ పలచబడినట్లు ఫలితం వచ్చింది. అయితే ఆ వ్యాధి సాధారణంగా తాకని దృష్టి కేంద్రంలో కూడా అంతే పలచన కనిపించింది. అనుమానం వచ్చి మా బృందంలో ముగ్గురం రెండు యంత్రాలలోనూ పడుకుని స్కాన్ తీయించుకున్నాం. ఏ జబ్బూ లేని మా ముగ్గురి మెదళ్లూ 1.5 టెస్లాలో "పలచబడ్డాయి". ఆ ఆరు నెలల పనిని పక్కన పెట్టేయవలసి వచ్చింది. రోగులంతా ఒక యంత్రంలో, ఆరోగ్యవంతులంతా మరో యంత్రంలో ఉంటే ఏ గణితమూ ఆ చిక్కును విప్పలేదు. మీ సమాచారం అలా ఉంటే కింది మెట్ల జోలికి పోకుండా ముందు స్కాన్ల ప్రణాళికను మార్చుకోండి.

కావలసినవి

రెండు స్కానర్లలోనూ కొన్ని గంటల సమయం, రెండు చోట్లా పనిచేసే టెక్నీషియన్ల సహకారం, సంస్థ నైతిక కమిటీ అనుమతి, రెండు యంత్రాలలోనూ పడుకోవడానికి ఒప్పుకున్న ఆరోగ్యవంతులైన వాలంటీర్లు కనీసం పదిమంది, ఇరవైమంది దొరికితే మరీ మేలు, ఒక ఫాంటమ్ (యంత్రాన్ని పరీక్షించడానికి వాడే, కొలతలు ముందే తెలిసిన నమూనా వస్తువు), కొలతలు తీసే సాఫ్ట్‌వేర్‌ను పని పూర్తయ్యేవరకూ అప్‌డేట్ చేయకుండా ఉంచగల ఒక కంప్యూటర్, ఒక నోటు పుస్తకం. చివరిది చిన్న వస్తువే అయినా, ఏ రోజు ఏ యంత్రంలో ఏమి మారిందో రాసుకోని అధ్యయనం తర్వాత చేయగలిగేది చాలా తక్కువ.

చేయవలసిన విధానం

1. ఏ కొలత కావాలో ముందే నిర్ణయించుకోండి. మొత్తం మెదడు పరిమాణం వంటి పెద్ద కొలతలు యంత్రం మారినా పెద్దగా కదలవు. అమిగ్డలా వంటి చిన్న భాగాలు, కార్టెక్స్ మందం, డిఫ్యూజన్ (కణజాలంలో నీటి అణువుల కదలిక) కొలతలు బాగా కదులుతాయి. ఒక కొలతకు తేలిన నమ్మకాన్ని మరో కొలతకు అంటగట్టకూడదు. ఎందుకోసం కొలుస్తున్నారో కూడా స్పష్టంగా రాసుకోండి. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ బృందం 2019లో వెలువరించిన భారతీయ మెదడు అట్లాస్ కోసం వందమంది యువతీయువకులను మూడు ఆసుపత్రులలో మూడు వేర్వేరు స్కానర్లలో స్కాన్ చేశారు. అందరికీ పనికివచ్చే సగటు రూపం కావాలన్నప్పుడు అట్లాస్ ఏ ఒక్క యంత్రం వైపూ ఒరగకుండా అలా చేయడం మేలే. ఒక రోగి కొలతను ఒక ఆరోగ్యవంతుడి కొలతతో పోల్చాలన్నప్పుడు మాత్రం అదే వైవిధ్యం అడ్డవుతుంది.

2. డైకామ్ హెడర్ (స్కాన్ ఫైలులోనే యంత్రం రాసిపెట్టే వివరాలు) చదివి పట్టిక తయారుచేయండి. తయారీ సంస్థ, మోడల్, యంత్రం సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, అయస్కాంత బలం, తల కాయిల్ (తల చుట్టూ అమర్చి సంకేతాలను అందుకునే భాగం) పేరు, రిపిటిషన్ టైమ్, ఎకో టైమ్, ఇన్వర్షన్ టైమ్, ఫ్లిప్ యాంగిల్, స్లైస్ మందం, పిక్సెల్ దూరం అన్నవి ఒక్కో స్కాన్‌కు ఒక్కో వరుసగా రావాలి. "మా ప్రోటోకాల్ ఎప్పుడూ ఒకటే" అని ఎవరు చెప్పినా, హెడర్ చూడకుండా నమ్మకండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ 0018,1020 అన్న ట్యాగ్‌లో ఉంటుంది.

జాగ్రత్త: రోగి పేరు తొలగించే సాధనాలలో చాలావరకు యంత్రం సీరియల్ నంబరును కూడా చెరిపేస్తాయి. అందుకే పేర్లు తొలగించకముందే, ఆసుపత్రి లోపలే ఈ పట్టిక తయారుచేసుకుని, అందులో రోగి వివరాలకు బదులు కోడ్ నంబర్లు మాత్రం ఉంచండి.

3. రెండు యంత్రాల సెట్టింగులనూ వీలైనంత దగ్గరకు తీసుకురండి. సీమెన్స్‌లో ఎంపీరేజ్, జీఈలో బ్రావో, ఫిలిప్స్‌లో త్రీడీ టీఎఫ్ఈ అని పేర్లు వేరైనా, మూడూ ఒకే రకం టీ1 చిత్రాన్ని (మెదడు నిర్మాణాన్ని స్పష్టంగా చూపే చిత్రం) ఇస్తాయి. మూడు దిక్కులలోనూ ఒక మిల్లీమీటరు వాక్సెల్ (త్రీడీ చిత్రంలోని అతి చిన్న గడి) ఉండేలా చూడండి. సొంతంగా ప్రోటోకాల్ రాసుకోవడం కష్టమనిపిస్తే, అమెరికాలో 2004లో మొదలైన అల్జీమర్స్ డిసీజ్ న్యూరోఇమేజింగ్ ఇనిషియేటివ్ ఈ మూడు కంపెనీల యంత్రాలకూ విడివిడిగా తయారుచేసి అందరికీ అందుబాటులో ఉంచిన ప్రోటోకాళ్లతో మొదలుపెట్టండి.

ఇక్కడ మూడు తప్పులు మళ్లీమళ్లీ చూస్తుంటాను. మొదటిది, వక్రీకరణ సవరణ. అయస్కాంతం మధ్య నుంచి దూరం జరిగేకొద్దీ చిత్రం సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది; దాన్ని సరిచేసే ఆప్షన్ ఒక చోట త్రీడీలోనూ, మరో చోట టూడీలోనూ ఉంటే పరిమాణాలు కలవవు. రెండు చోట్లా త్రీడీ పెట్టించండి. రెండవది, కాయిల్ దగ్గరి భాగాలు మరీ తెల్లగా కనిపించకుండా సమం చేసే ఫిల్టర్. ఇది ఒక చోట ఆన్‌లో, మరో చోట ఆఫ్‌లో ఉండిపోతుంది. మూడవది, చిత్రాన్ని నున్నగా చూపించడానికి యంత్రం తనంతట తానే పిక్సెళ్ల సంఖ్యను పెంచడం. హెడర్‌లో అర మిల్లీమీటరు అని కనిపిస్తుంది కానీ నిజంగా తీసింది ఒక మిల్లీమీటరే. డాక్టరు చూడటానికి అది బాగుంటుంది, కొలతకు పనికిరాదు. దాన్ని తీయించేయండి.

4. ఫాంటమ్‌ను రెండు చోట్లా స్కాన్ చేయండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ పెద్ద ఫాంటమ్ లోపలి పొడవు 148 మిల్లీమీటర్లు, వ్యాసం 190 మిల్లీమీటర్లు. చిత్రంలో కొలిచిన అంకె ఈ అంకెలకు ఎంత దూరంలో ఉందో చూడండి. అది దొరకకపోతే యంత్రంతోపాటు కంపెనీ ఇచ్చిన ఫాంటమ్ ఒక్కటే రెండు చోట్లకూ తీసుకెళ్లండి. మే నెలలో కారు డిక్కీలో తెచ్చిన ఫాంటమ్‌ను వెంటనే పెట్టకండి. ఒక రాత్రంతా స్కానర్ గదిలో ఉంచి, లోపల గాలి బుడగ లేదని చూశాకే పెట్టండి. మీకు కావలసింది డిఫ్యూజన్ కొలత అయితే ఉష్ణోగ్రత మరీ ముఖ్యం. మంచుముక్కలతో నింపిన డబ్బాలో నీటి గొట్టాన్ని నిలబెట్టి సున్నా డిగ్రీలకు తెస్తే, డిఫ్యూజన్ విలువ సెకనుకు 0.0011 చదరపు మిల్లీమీటర్లు రావాలి. ఈ పరీక్ష చవకైనదే కానీ గట్టిది.

ఫాంటమ్ బాగుంటే యంత్రం బాగుందని తెలుస్తుంది, అంతే. ఫాంటమ్‌లో తెల్లపదార్థం, బూడిదపదార్థం ఉండవు, అది కదలదు. ఇక్కడితో ఆగిపోకూడదు.

5. ఒకే మనుషులను రెండు యంత్రాలలోనూ స్కాన్ చేయండి. మొత్తం పనికి గుండెకాయ ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

సగం మందికి మొదట ఒక యంత్రంలో, మిగతా సగం మందికి మొదట రెండో యంత్రంలో తీయండి. లేకపోతే యంత్రం వల్ల వచ్చిన తేడానూ, మొదటిసారి భయం వల్ల కదిలినందున వచ్చిన తేడానూ విడదీయలేరు. ఒక్కో యంత్రంలోనూ రెండేసి స్కాన్లు తీయాలి. రెండింటి మధ్య మనిషిని బల్ల మీద నుంచి లేపి, నాలుగడుగులు వేయించి, మళ్లీ పడుకోబెట్టాలి. ఒకే యంత్రంలో మళ్లీ కొలిస్తే వచ్చే తేడా ఎంతో తెలియకుండా, యంత్రం మారితే వచ్చే తేడా పెద్దదా చిన్నదా అని చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. "సమయం లేదు, ఒక్కొక్కటే తీస్తాం" అనేవారికి నేను ఇచ్చే సలహా ఒక్కటే: మనుషులనైనా తగ్గించుకోండి కానీ రెండో స్కాన్ మానకండి.

ఒక మనిషి స్కాన్లన్నీ రెండు మూడు వారాలలోపు ముగియాలి. రెండు చోట్లా రోజులో ఇంచుమించు ఒకే వేళకు తీయండి. మెదడు పరిమాణం కొలత సాయంత్రం కంటే ఉదయం కొంచెం ఎక్కువగా వస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా మెదడు కొలత తగ్గుతుంది. మన ఎండాకాలంలో మధ్యాహ్నం ఆటోలో సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా వచ్చినవారిని నేరుగా బల్ల ఎక్కించకండి. నీళ్లు ఇచ్చి, ఏసీ గదిలో అరగంట కూర్చోబెట్టండి. రంజాన్ నెలలో రోజా ఉన్నవారిని, ఏకాదశి ఉపవాసం ఉన్నవారిని మరో రోజున రమ్మనండి.

తల ఎలా పెడుతున్నారో కూడా చూడాలి. జడ అల్లుకుని లేదా కొప్పు పెట్టుకుని పడుకున్నప్పుడు తల వెనక ఆ ముడి దిండులా లేచి, గడ్డం ఛాతీ వైపు వంగుతుంది. తల అయస్కాంతం మధ్య నుంచి జరుగుతుంది, మెడ నొప్పెట్టి కదులుతారు కూడా. జడ విప్పి జుట్టును ఒక పక్కకు వేసుకోమని మర్యాదగా అడగండి. హెయిర్‌పిన్నులు, మెట్టెలు, తాయెత్తు, మొలతాడుకు కట్టిన తాళంచెవి అన్నీ బయటే ఉంచాలి. పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు, గర్భం వంటి విషయాలు రెండు చోట్లా మళ్లీ అడిగి రాయించుకోవాలి. మొదటి చోట అడిగారు కదా అని రెండో చోట వదిలేయకూడదు.

ప్రత్యామ్నాయం: స్కాన్లు ఎప్పుడో తీసేసి ఉంటే, ఆ మనుషులు ఇప్పుడు దొరకకపోతే, రెండు యంత్రాల నుంచీ వయసు, లింగం కలిసే ఆరోగ్యవంతులను జతలుగా ఏరి పోల్చండి. ఇది బలహీనమైన మార్గం. మనుషుల మధ్య సహజంగా ఉండే తేడా చాలా ఎక్కువ కనుక, ఇరవైమందితో తేలవలసినది ఇలా చేస్తే వందమందితో కూడా తేలకపోవచ్చు.

6. స్కాన్లన్నింటినీ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్, ఒకే కంప్యూటర్ మీద నడపండి. మెదడు భాగాలను కొలిచే ఫ్రీసర్ఫర్ అన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినా, చివరికి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ మారినా మెదడు భాగాల పరిమాణాలు మారుతాయని 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపింది. నిరుడు నడిపిన ఫలితాలకు ఈ ఏడాది కొత్త వెర్షన్‌తో నడిపినవి జోడిస్తే, మీరు మూడో స్కానర్‌ను కొని తెచ్చుకున్నట్లే.

7. ప్రతి చిత్రాన్నీ కళ్లతో చూడండి. తల కదిలితే చిత్రంలో అలల్లాంటి గీతలు కనిపిస్తాయి; కదలిక ఉన్న చిత్రాలలో బూడిదపదార్థం నిజానికంటే తక్కువగా, పలచగా కొలుస్తారు. టెంపోరల్ లోబ్ (చెవి పక్కనుండే మెదడు భాగం) కింది అంచు తెగిపోయిందా, మెదడును కప్పి ఉండే డ్యూరా పొరను సాఫ్ట్‌వేర్ కార్టెక్స్‌గా లెక్కపెట్టిందా అన్నవి చూడండి. చూసేవారికి అది ఏ యంత్రం చిత్రమో తెలియకుండా ఫైళ్ల పేర్లు మార్చి ఇవ్వండి. ఒక యంత్రం చిత్రాలనే ఎక్కువగా చేత్తో దిద్దితే ఆ దిద్దుబాటే కొత్త తేడా అవుతుంది.

8. ఇప్పుడు లెక్క కట్టండి. అర్థం కావడానికి ఆరుగురితో ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఎడమ హిప్పోకాంపస్ పరిమాణం ఘన మిల్లీమీటర్లలో, మొదట 1.5 టెస్లాలో, తర్వాత 3 టెస్లాలో ఇలా వచ్చిందనుకోండి:

3620, 3790
3850, 3990
4010, 4190
3480, 3630
4190, 4330
3740, 3930

చాలామంది ఇక్కడ సహసంబంధం (కోరిలేషన్) కట్టి, 0.99 దాటింది చూసి, "రెండు యంత్రాలూ ఒకటే" అని రాసేస్తారు. నేను చూసే తప్పులలో అన్నిటికంటే పెద్దది ఇది. సహసంబంధం ఎక్కువగా ఉందంటే, ఒక చోట పెద్దగా కనిపించినవారు రెండో చోట కూడా పెద్దగా కనిపించారని మాత్రమే అర్థం. ప్రతి కొనుగోలుకూ వంద గ్రాములు ఎక్కువ చూపించే కాటాకు, సరైన కాటాకు మధ్య కూడా సహసంబంధం పూర్తిగా ఉంటుంది.

అందుకే ప్రతి మనిషికీ రెండు కొలతల తేడా తీయండి. ఇక్కడ తేడాలు 170, 140, 180, 150, 140, 190. సగటు తేడా సుమారు 162. మొదటి యంత్రం సగటు 3815లో ఇది 4.2 శాతం. అల్జీమర్స్ రోగిలో దాదాపు ఒక ఏడాది క్షీణత ఎంతో, ఇక్కడ యంత్రం మారినందుకే అంత తేడా వచ్చింది. ఈ తేడాల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 21. దాన్ని 1.96తో గుణించి సగటుకు కలిపి, తీసేస్తే 120 నుంచి 204 వరకూ హద్దులు వస్తాయి. 1986 నుంచి వైద్య కొలతలకు వాడుతున్న బ్లాండ్, ఆల్ట్‌మన్ పద్ధతి ఇదే. నిలువు గీత మీద తేడానూ, అడ్డ గీత మీద రెండు కొలతల సగటునూ పెట్టి చుక్కలు వేయండి. చుక్కలు సున్నాకు దూరంగా ఒక అడ్డ పట్టీలా ఉంటే స్థిరమైన తేడా ఉన్నట్లు, అది సరిచేయదగినది. పెద్ద మెదళ్ల వైపు వెళ్లేకొద్దీ చుక్కలు పైకి ఎక్కుతుంటే తేడా నిష్పత్తిలో ఉన్నట్లు. చుక్కలు ఎటుపడితే అటు చెదిరి ఉంటే ఏ సవరణా దాన్ని బాగుచేయలేదు.

తర్వాత, రెండు కొలతలూ ఎంతగా కలుస్తున్నాయో ఒకే అంకెలో చెప్పే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ కట్టండి. ఇందులో రెండు రకాలున్నాయి. ఏది వాడారో తప్పనిసరిగా రాయండి. పై అంకెలకే పొంతనను మాత్రం చూసే రకం 0.997 వస్తుంది, అంకెకు అంకె కలిసిందా అని చూసే రకం 0.83 మాత్రమే వస్తుంది. మొదటి అంకెను మాత్రమే ప్రచురించి ఊరుకోవడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే. సాధారణంగా 0.9 పైన ఉంటే చాలా మంచిదనీ, 0.75 నుంచి 0.9 వరకూ మంచిదనీ, 0.5 కంటే తక్కువైతే పనికిరాదనీ పరిగణిస్తారు. మీ వాలంటీర్లలో ఇరవై ఏళ్లవారూ డెబ్బై ఏళ్లవారూ కలిసి ఉంటే ఈ అంకె తనంతట తానే పెరుగుతుందని గుర్తుంచుకోండి. అందుకే తేడాను ఘన మిల్లీమీటర్లలో కూడా ఇవ్వాలి.

9. సవరణ చేయండి. స్థిరమైన తేడా అయితే, గణాంక నమూనాలో స్కానర్‌ను ఒక చలరాశిగా చేర్చడమే సులువు. యంత్రాలు ఎక్కువగా ఉన్నప్పుడు, ఒక్కో చోట మనుషులు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కో యంత్రం వల్ల వచ్చే తేడాను అంచనా వేసి తీసేసే కాంబ్యాట్ అన్న గణాంక పద్ధతి మేలు. దీన్ని 2007లో జన్యు సమాచారం కోసం తయారుచేశారు, 2018లో కార్టెక్స్ మందానికి వర్తింపజేశారు. వయసు, లింగం, రోగ నిర్ధారణలను కాపాడవలసిన చలరాశులుగా ఇవ్వడం మరచిపోకండి; మరచిపోతే యంత్రం తేడాతోపాటు వ్యాధి తేడా కూడా కొట్టుకుపోతుంది. మెషీన్ లెర్నింగ్ చేసేవారు శిక్షణ సమాచారం మీద మాత్రమే సవరణను నేర్పించి, దాన్నే పరీక్ష సమాచారానికి వర్తింపజేయాలి. రెండింటినీ కలిపి సవరించిన తర్వాత విడదీస్తే వచ్చే ఫలితం నిజం కాదు.

10. సవరణ పనిచేసిందా అని పరీక్షించండి. సవరించిన కొలతలు ఇచ్చి "ఇది ఏ యంత్రం?" అని ఒక చిన్న వర్గీకరణ ప్రోగ్రామ్‌ను అడగండి. అది ఊహ కంటే బాగా చెప్పగలుగుతుంటే యంత్రం ముద్ర ఇంకా పోలేదు. తర్వాత ఎదురు పరీక్ష చేయండి: వయసుతోపాటు తగ్గవలసిన కొలత రెండు యంత్రాలలోనూ ఒకే వాలుతో తగ్గుతోందా? వాలు మాయమైతే మీరు అతిగా సవరించారు. చివరగా, మీ వ్యాధి తాకని ఒక భాగాన్ని ఎంచుకుని అక్కడ కూడా రోగులకూ ఆరోగ్యవంతులకూ తేడా వస్తోందేమో చూడండి. మా పాత అధ్యయనంలో దృష్టి కేంద్రం ఇచ్చిన హెచ్చరిక ఇదే. ఆ పరీక్షను మేము మొదటి వారంలోనే చేయవలసింది.

ఇళ్లలో పెద్దవారిని చూసుకుంటున్నవారు కూడా ఈ మధ్య ఇదే అడుగుతున్నారు: "నిరుడు ఒక సెంటర్లో, ఈ ఏడాది మరో సెంటర్లో నాన్నగారికి స్కాన్ తీయించాం, హిప్పోకాంపస్ తగ్గిందని రాశారు, భయపడాలా?" రెండు వేర్వేరు యంత్రాల అంకెలను తీసివేసి, వచ్చిన దాన్ని క్షీణత అనుకోకండి. రెండు స్కాన్ల సీడీలనూ న్యూరాలజిస్టుకు ఇచ్చి, యంత్రం మారిందని నోటితో చెప్పండి. ఇకపై వీలైనంతవరకూ ఒకే సెంటర్లో, ఒకే యంత్రంలో తీయించండి.

11. పని అయిపోయాక కూడా కనిపెట్టి ఉండండి. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ అయినా, తల కాయిల్ మార్చినా, అయస్కాంతాన్ని సర్వీసు చేసినా, అది మీ లెక్కలో కొత్త యంత్రమే. ఆదివారం కంపెనీ ఇంజినీరు వచ్చి అప్‌గ్రేడ్ చేసి వెళ్లిపోతే సోమవారం ఎవరూ మీకు చెప్పరు. టెక్నీషియన్‌గారి ఫోన్ నంబరు తీసుకుని, నెలకొకసారి సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను హెడర్‌లో చూసి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాయండి. మారినట్లు కనిపించిన రోజున పాత వాలంటీర్లలో ముగ్గురు నలుగురిని మళ్లీ పిలిచి, ఐదవ మెట్టు నుంచి మొదలుపెట్టండి.